గేర్ పోయిందంటే పోయినట్టేనా?

"గీర్ ఖరాబ్." క్యాంపులో ఉండే డ్రైవర్‌కి ఈ రెండు మాటలు చెవిన పడితే జ్వరం వచ్చినంత పనవుతుంది. టైరు పేలితే కంపెనీవాళ్ళు ఎండను తిట్టుకుంటారు. బ్యాటరీ పోతే బ్యాటరీని తిట్టుకుంటారు. ఆటోమేటిక్ గేర్ పోయిందంటే మాత్రం అందరి చూపూ డ్రైవర్ మీదికే మళ్ళుతుంది. ఎట్లా నడిపావు, ఇసుకలో తిప్పావా, ఎంత లోడు పెట్టావు అని ప్రశ్నలు మొదలవుతాయి. గేర్ బాక్సు మూసి ఉన్న పెట్టె. లోపల ఏం జరిగిందో ఎవరికీ కనపడదు. కనపడని తప్పును పక్కవాడి నెత్తిన పెట్టడం సులువు.

నేను దమ్మాంలో ఒక మెయింటెనెన్స్ కంపెనీ వర్షాలో మెకానిక్‌ని. మాది జగిత్యాల దగ్గర పల్లె. 2003లో ఇక్కడికి వచ్చాను. అంతకుముందు నిజామాబాద్‌లో ఒక లారీ షెడ్డులో క్లచ్ ప్లేట్లు మార్చడం, గేర్ బాక్సులు దించడం నేర్చుకున్నాను. మన దగ్గర ఆ రోజుల్లో ఆటోమేటిక్ గేర్ అంటే పెద్దవాళ్ళ కార్లలో ఉండే వస్తువు, మా షెడ్డుకు ఎప్పుడూ రాలేదు. ఇక్కడ దిగాక చూస్తే సైట్లలో సిమెంటు సంచులు మోసే వనైత్‌లకూ అదే గేరు. సౌదీవాళ్ళు పికప్‌ని వనైత్ అంటారని, క్లచ్ ఉన్న గేరుని 'గీర్ ఆదీ' అంటారని మీలో పాతవాళ్ళకు తెలుసు. హైలక్సులు ఆదీ గేరువే ఎక్కువ చూశాను. జీఎంసీ సియెర్రా, షెవర్లే సిల్వరాడో, ఫోర్డ్ ఎఫ్-150 లాంటి అమెరికా బండ్లలో మాత్రం ఆటోమేటిక్‌లే ఎక్కువ. మూడు నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగి కూడా నీళ్ళ డ్రమ్ములు, జనరేటర్లు మోస్తూ తిరిగే అలాంటి ముసలి బండ్ల గురించే ఈ ముచ్చట.

ముందు లోపల ఏముందో చెప్తాను. క్యాంపు రూములో రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదాన్నే ఆన్ చేయండి. ఆ గాలికి రెండోది కూడా మెల్లగా తిరుగుతుంది. ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండే టార్క్ కన్వర్టర్ పని ఇదే, గాలి స్థానంలో ఆయిల్ ఉంటుంది. దాని వెనక గేర్లు, వాటిని పట్టుకోవడానికి పల్చటి క్లచ్ ప్లేట్లు ఉంటాయి. ఆ ప్లేట్లను బిగపట్టేది కూడా ఆయిల్ ఒత్తిడే. ఏ ప్లేటుకు ఎప్పుడు ఆయిల్ పోవాలో చెప్పేవి సోలినాయిడ్‌లు, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న కుళాయిలు. శక్తిని అందించడం, ప్లేట్లను బిగించడం, అరగకుండా కాపాడడం, వేడిని మోసుకుపోవడం అంతా ఆ ఒక్క ఆయిలే చేస్తుంది. అందుకే నా దగ్గరికి ఎవరొచ్చి గేర్ పోయిందన్నా ముందు పాన చేతిలోకి తీసుకోను. చేతి గుడ్డ తీసుకుని ఆయిల్ గేజు లాగుతాను.

ఈ గేజు చూడడం కూడా చాలామందికి రాదు. ఇంజన్ ఆయిల్ చూసినట్టే ఇంజన్ ఆపి చూస్తారు. ఈ జీఎంసీ, షెవర్లే బండ్లలో అట్లా చూస్తే లెక్క తప్పుతుంది. బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి. కొంతసేపు నడిచి వేడెక్కి ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద ఇటుకలు పెట్టి, కాలు బ్రేకు మీద ఉంచి లివర్‌ని 'పి' నుంచి కిందిదాకా ఒక్కో చోట రెండు మూడు సెకన్లు ఆపుతూ తిప్పి మళ్ళీ 'పి'లోకి తేవాలి. ఇంజన్ నడుస్తుండగానే గేజు తీసి, తుడిచి, మళ్ళీ దింపి చూడాలి. కొన్ని వేరే కంపెనీల బండ్లకు పద్ధతి వేరు, గేజు మీదో బండి పుస్తకంలోనో రాసి ఉంటుంది. ఇంకో సంగతి. 32 డిగ్రీలు దాటిన ఎండలో, లోడుతో, ఎక్కువ దూరం వచ్చి ఆగిన బండికి వెంటనే చూడొద్దని, అరగంట ఆగమని ఆ బండి పుస్తకాల్లోనే ఉంటుంది. మనకు 32 డిగ్రీలంటే చలికాలం కింద లెక్క. కాబట్టి వేసవిలో అబ్‌కైక్ నుంచో జుబైల్ నుంచో వచ్చిన బండికి ఆ అరగంట ఇవ్వాల్సిందే. మరిగిన ఆయిల్ పొంగి, తక్కువున్నది కూడా నిండుగా కనపడుతుంది.

తక్కువుంటే ఎంత చేటో ఎక్కువ పోసినా అంతే చేటు. ఎక్కువైన ఆయిల్‌ని తిరిగే భాగాలు మజ్జిగ చిలికినట్టు చిలికేస్తాయి. నురగ వస్తుంది. నురగలో గాలి ఉంటుంది, గాలి నొక్కితే నలుగుతుంది, ప్లేట్లకు పట్టు చాలదు. "సరిపోలేదని రెండు లీటర్లు పోశాను, ఇంకా జారుతోంది" అని వచ్చిన బండ్లను నేను చూశాను. మిగిలింది తీసేస్తే వాటిలో కొన్ని బాగయ్యాయి.

రంగు, వాసన ఇంకా ఎక్కువ చెప్తాయి. కొత్త ఆయిల్ ఎర్రగా ఉంటుంది. నడిచినకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది, దానికి భయపడాల్సింది లేదు. నల్లగా మారి, మాడిన కూర వాసన వస్తే లోపల ప్లేట్లు కాలాయని అర్థం. గులాబీ రంగులో చిక్కగా, మన హైదరాబాద్ రోజ్ మిల్క్ లాగా ఉంటే వెంటనే బండి ఆపేయండి, ఇంకో కిలోమీటరు కూడా నడపొద్దు. గేర్ ఆయిల్‌ని చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపల నుంచే పోతుంది. అది లోపల పగిలితే రేడియేటర్ నీళ్ళు గేరులోకి వస్తాయి. ప్లేట్ల మీద అతికించిన పొర నీళ్ళకు ఊడిపోతుంది. ఇది డ్రైవర్ చేసే పని కాదు, పాత రేడియేటర్ చేసే పని. అందుకే ఈ రంగు కనపడితే ముందు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

పాత గేరుకి ఆయిల్ మారిస్తే గేరు చస్తుందని సనాయియాలో ప్రతి దుకాణంలోనూ అంటారు. అందులో కొంత నిజం ఉంది. ప్లేట్లు అరిగి, ఆ అరిగిన పొడి ఆయిల్‌లో కలిసి, ఆ గరుకుతోనే బండి నడుస్తుంటే, కొత్త ఆయిల్ పోశాక అది జారుతుంది. అంటే గేరు ముందే చావుకు దగ్గరై ఉంది, ఆయిల్ మీద నింద పడింది. నా పద్ధతి ఇది: గోధుమ రంగులో ఉండి, జారుడు లేకపోతే ఆయిల్, ఫిల్టర్ రెండూ మారుస్తాను. నల్లగా మాడి జారుతుంటే దాని మీద డబ్బు పెట్టొద్దని యజమానికి చెప్తాను. కింద రేకు విప్పినప్పుడు అందులో ఉండే అయస్కాంతం చూడండి. బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే మామూలే. మెరిసే రేకు ముక్కలు ఉంటే మాత్రం లోపల ఏదో విరిగింది. పది రియాళ్ళ సీసా పోస్తే గేరు బాగవుతుందని అమ్మేవాళ్ళ మాట నమ్మకండి.

ఇప్పుడు ఒక బండి సంగతి చెప్తాను. రెండేళ్ళ కింద ఒక శుక్రవారం, ఆర్మూర్ వైపు తమ్ముడొకడు నా రూముకు వచ్చాడు. వేరే కంపెనీలో డ్రైవర్. జీతం 1,500 రియాళ్ళు. చేతిలో కాగితం. గేర్ తౌదీబ్, అంటే మొత్తం విప్పి కొత్త ప్లేట్లు వేయడానికి 4,500 రియాళ్ళని ఒక వర్షా రాసిచ్చింది. అది వాడి జీతంలోంచి నెలకు 750 చొప్పున ఆరు నెలలు కోస్తామని సూపర్‌వైజర్ చెప్పాడట. ఇంటి దగ్గర చెల్లె పెళ్ళి అప్పు. గోరుచుట్టు మీద రోకటి పోటు.

నేను బండి చూడకముందే నాలుగు ప్రశ్నలు అడిగాను.

"రివర్స్ ఎట్ల పోతంది తమ్మీ?"

"మంచిగనే పోతందన్నా."

"మరి డిలో పెడితే?"

"దడేల్మని ఒక దెబ్బ కొడతది. ఎద్దులబండి లెక్క మెల్లగ లేస్తది. 60 దాటినంక మంచిగనే ఉరుకుతది."

"గేర్లు మారుడు తెలుస్తందా?"

"ఏం తెలుస్తలేదు. ఒక్కటే గేర్ల పోతన్నట్టుంది."

"ఇది మెల్లమెల్లగ అయిందా, ఒక్కపారే అయిందా?"

"పొద్దున మంచిగుండె అన్నా. జుబైల్ నుంచి వచ్చేటప్పుడు ఒక్కపారే అయింది."

ఈ చివరి జవాబుతోనే నాకు సగం అర్థమైంది. ప్లేట్లు అరిగి పోయే గేరు ఎక్కువగా రోజుల తరబడి, నెలల తరబడి సతాయించి పోతుంది. మొదట పొద్దున పూట ఆలస్యంగా అందుకుంటుంది, తర్వాత ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదు. ఒక్క క్షణంలో మారిపోయిందంటే ఏదైనా విరిగి ఉండాలి, లేదా కరెంటు పోయి ఉండాలి.

ఆ బండి జీఎంసీ సియెర్రా. దాంట్లో ఉన్న గేరు పేరు 4ఎల్60-ఈ. జనరల్ మోటార్స్ దీన్ని 1993 నుంచి బండ్లలో పెట్టింది. 4 అంటే నాలుగు గేర్లు, చివరి 'ఈ' అంటే కంప్యూటర్‌తో నడిచేదని. దీని గుణం ఒకటి గుర్తుపెట్టుకోండి. సోలినాయిడ్‌లకు కరెంటు మొత్తం ఆగిపోతే ఇది డిలో మూడో గేరులో ఉండిపోతుంది. రివర్స్‌కు ఆ కరెంటు అక్కర్లేదు, అది పనిచేస్తూనే ఉంటుంది. ఆయిల్ ఒత్తిడి పూర్తిగా పెరుగుతుంది కాబట్టి డిలో వేయగానే దెబ్బ కొడుతుంది. దారిలో ఆగిపోకుండా ఇల్లు చేరడానికి కంపెనీ పెట్టిన ఏర్పాటు ఇది. తమ్ముడు చెప్పినవన్నీ సరిగ్గా ఇవే. మూడో గేరులో కదిలే బండి ఎద్దులబండిలా కాక ఎట్లా లేస్తుంది?

సాయంత్రం బండి దగ్గరికి పోయాం. ఆయిల్ సరిగ్గా ఉంది, గోధుమ ఎరుపు, మాడు వాసన లేదు. కోడ్‌లు చదివే చిన్న మిషన్ నా దగ్గర ఉంది. పెడితే ఒకటి కాదు, ఐదు వచ్చాయి. పి-0753 ఒక సోలినాయిడ్‌ది, పి-0758 ఇంకోదానిది, ఇట్లా. ఈ కాగితం చూసే ఆ వర్షావాడు లోపల అన్నీ పోయాయని రాసి ఉంటాడు. నాకు మాత్రం అది చూశాక ధైర్యం వచ్చింది. ఒక ఇంట్లో ఐదు బల్బులు ఒకేసారి ఆరిపోతే ఐదు బల్బులూ మాడాయనుకుంటామా? ఫ్యూజు చూస్తాం కదా.

ఫ్యూజు పోయే ఉంది. కొత్తది వేస్తే ఇంజన్ స్టార్ట్ చేయగానే అదీ పోయింది. అంటే తీగ ఎక్కడో ఇనుముకు తగులుతోంది. బండి కింద పడుకుని గేర్ బాక్సు నుంచి తీగల కట్ట వెంట టార్చి పట్టుకుని వెతికితే, కట్టను పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు విరిగి ఉంది. కట్ట వేలాడి సైలెన్సర్ గొట్టానికి ఆనుకుంది. పై తొడుగు కరిగి రాగి బయటపడింది. పాత ప్లాస్టిక్, పై నుంచి యాభై డిగ్రీల ఎండ, కింద నుంచి సైలెన్సర్ వేడి. తీగ బాగుచేసి, తొడుగు వేసి, కట్టను పైకి కట్టేసి, ఇంకో ఫ్యూజు వేశాం. ఖర్చు ఇరవై రియాళ్ళు కూడా కాలేదు. క్యాంపు చుట్టూ రెండు రౌండ్లు కొట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు గేర్లు మారుతుంటే వాడు పైకి లెక్కపెట్టాడు.

కోత కాగితం వెనక్కి పోయింది. తప్పయిందని ఎవరూ అనలేదు.

ఇక్కడ చట్టం మాట ఒకటి చెప్పాలి. 2005లో వచ్చిన సౌదీ కార్మిక చట్టంలో 91వ అధికరణం ఈ విషయానికే ఉంది. యజమాని యంత్రం పాడైతే, అది పనివాడి తప్పు వల్లనో, చెప్పిన సూచనలు పాటించకపోవడం వల్లనో జరిగి ఉంటేనే జీతంలో కోయాలి. అట్లా కోసినా నెలకు ఐదు రోజుల జీతం దాటకూడదు. 1,500 జీతానికి అది 250 రియాళ్ళు, 750 కాదు. నింద తప్పయినా, కట్టిన లెక్క ఎక్కువైనా పనివాడు ఫిర్యాదు చేయవచ్చు, దానికి గడువు 15 పని దినాలు. ముందు కార్మిక శాఖ రాజీ విభాగంలో మాట్లాడిస్తారు, తెగకపోతే 2018లో మొదలైన కార్మిక కోర్టుకు పోతుంది. ఇంటి డ్రైవర్లకు మాత్రం ఈ చట్టం వర్తించదు, వాళ్ళకు వేరే నియమాలున్నాయి. చట్టం ఇంత చెప్పినా, ఆ 15 రోజుల్లో తప్పు డ్రైవర్‌ది కాదని చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి. సమస్య మొదలైన రోజే తేదీ, మీటరు మీద కిలోమీటర్లు, ఆయిల్ రంగు, కోడ్‌లు, అప్పుడు బండి ఏం చేసిందో రాసిపెట్టుకోవాలి, సూపర్‌వైజర్‌కు ఫోన్‌లో మెసేజ్ పంపాలి. నోటిమాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

గేర్ అనుకుని గేర్ కానివి ఇంకా ఉన్నాయి. డి నుంచి ఆర్‌కు మార్చినప్పుడు కింద తక్కుమని చప్పుడొస్తే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు చేత్తో ఊపి చూడండి. ఇంజన్ ఆపి, చక్రాలకు ఇటుకలు పెట్టాకే సుమా. ఎత్తులో బండి లాగకపోతే ఇంజన్ మోత చూడండి. మోత పెరిగి బండి పోకపోతే గేరు జారుతున్నట్టు. మోత కూడా పెరగకపోతే ఇంజన్‌కే బలం లేదు, పెట్రోల్ ఫిల్టరో ప్లగ్గులో చూడాలి. ఈ ఒక్క తేడా తెలియక తష్లీహ్‌లో ఎన్ని మంచి గేర్ బాక్సులు పడి ఉన్నాయో.

అన్నీ తీగలతో పోయే కేసులు కావు. డ్రైవర్‌కు కొంత భారం ఉండే కేసు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. నిరుడు చలికాలంలో మా వర్షాకు ఇంకో సియెర్రా వచ్చింది. నడిపేది కడప జిల్లా పెద్దాయన, యాభై దాటాయి. డిలో వేస్తే మొదటి గేరులో బాగానే లేస్తుంది. రెండో గేరు రావాల్సిన చోట ఇంజన్ ఒక్కసారిగా అరుస్తుంది, బండికి పట్టు ఉండదు. వేగం ఇంకొంచెం పెరిగాక మూడోది అందుకుంటుంది. రివర్స్ అసలే లేదు. ఆయిల్ ఎర్రగానే ఉంది.

ఈ గేరులో రెండు, నాలుగు, రివర్స్ కలిసి పోయి, ఒకటి, మూడు మిగిలితే విప్పకుండానే చెప్పొచ్చు, సన్ షెల్ అనే భాగం విరిగిందని. రేకు గిన్నె లాంటిది, దాని మెడ దగ్గర చీలుతుంది. ఈ మోడల్‌కు ఇది పేరుపడ్డ రోగం. చక్రాలు గిర్రున తిరుగుతూ తిరుగుతూ ఒక్కసారి పట్టు దొరికితే ఆ దెబ్బ దాని మీదే పడుతుంది.

"ఇసుకలో ఇరుక్కున్న మాట నిజమే అబ్బీ," అన్నాడాయన. "ముందుకీ వెనక్కీ కొట్టినా. అందరూ కొట్టేదే గదా!"

అందరూ కొట్టేదే. ఇసుకలో దిగబడ్డ ఆటోమేటిక్‌ని డి, ఆర్, డి, ఆర్ అని ఊపడం కంటే దానికి హాని చేసేది ఇంకోటి లేదు. బండి కదలదు, ఇంజన్ బలమంతా కన్వర్టర్‌లో ఆయిల్‌ని కాల్చడానికే పోతుంది. దిగి, టైర్ల గాలి సగం తీసి, చక్రాల ముందు ఇసుక తవ్వి, చెక్క పలకలు పెట్టి, ఒకే గేరులో మెల్లగా రావాలి. గాలి మళ్ళీ కొట్టించుకునేదాకా వేగంగా పోవద్దు. కానీ ఆ సైటులో ఆయనకు పార ఇచ్చారా, పలకలు ఇచ్చారా? మధ్యాహ్నం లోపల రెండు ట్రిప్పులు వేయమన్నారు.

మా ఫోర్‌మన్ నన్ను రిపోర్టులో 'డ్రైవర్ నిర్లక్ష్యం' అని రాయమన్నాడు. నేను కనిపించింది రాశాను. సన్ షెల్ విరిగిన లక్షణాలు. మీటరు మీద 3,86,000 కిలోమీటర్లు. గేర్ ఆయిల్ మార్చినట్టు ఫైల్లో ఒక్క కాగితం లేదు. ఈ భాగం ఈ మోడల్‌లో వయసుతో కూడా విరుగుతుంది, ఆ రోజు ఇసుకలో విరిగిందో అంతకుముందే చీలి ఉందో విప్పి చూసినా తేలదు. ఫోర్‌మన్‌కు నచ్చలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పెద్దాయన మనసులోనూ అది పూర్తిగా పోలేదనుకుంటాను, ఇసుక కనపడితే ఇప్పటికీ బండి దూరంగా ఆపి నడిచి పోతాడు.

జీతం కోత ఊసు మళ్ళీ రాలేదు. అంత పాత బండికి తౌదీబ్ దండగని కంపెనీ కూడా బాగుచేయించలేదు. ఇప్పుడది యార్డు దాటదు, మొదటి గేరులోనే పైపులు మోస్తూ తిరుగుతుంది. రివర్స్ లేదు కాబట్టి సాయంత్రం ముఖం గేటు వైపు పెట్టి ఆపాలి. మొన్న కొత్తగా వచ్చిన కుర్రాడెవరో తెలియక గోడకు ముఖం పెట్టి ఆపితే, పొద్దున్నే ఆరుగురం కలిసి వెనక్కి నెట్టాం.